తిమింగలాన్ని కాటా ఎక్కించలేరు కదా, అది బక్కచిక్కిందని ఎలా చెబుతారు?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో మాట కూడా రాశారు: "సగం ఒళ్ళు నీళ్ళలోనే ఉండే జంతువు ఫొటో చూసి సన్నబడిందంటే నమ్మేదెలా?" న్యాయమైన అనుమానమే. నాకూ ఉండేది. అమెరికాలోని ఒరెగాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు రెండు వేసవులు న్యూపోర్ట్ రేవులో, గ్రే వేల్ అనే బూడిదరంగు తిమింగలాల మీద పనిచేసే బృందంలో ఫొటోలు కొలిచాను. నేను కంప్యూటర్లు చదివినవాణ్ణి, జీవశాస్త్రం పదో తరగతితో సరి. కాబట్టి నాకు అర్థమైన పద్ధతిలోనే చెబుతాను.

మా తాతయ్య పశువుల సంతకి వెళ్తే ఏ గేదెనీ తూకం వేయించేవాడు కాదు. వెనక నిలబడి తుంటి ఎముకలు చూసేవాడు. డొక్క లోపలికి పోయిందా, వెన్నుపూస పైకి తేలిందా చూసేవాడు. తోక మొదట్లో బొటనవేలితో నొక్కేవాడు. "జబ్బేం కాదు, మేత లేక ఎండింది" అని తేల్చేవాడు. పశువైద్యులు ఇదే చూపుకి అంకెలు కట్టి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. తిమింగలాల దగ్గరా మొదట చేసింది ఇదే. రష్యాలో సఖాలిన్ దీవి దగ్గర మేతకొచ్చే గ్రే తిమింగలాలకు పడవ మీంచి తీసిన ఫొటోలు చూసి మార్కులు వేశారు. చూసే చోట్లు మూడు: తల వెనక మెడ భాగం, భుజం ఎముక, పక్కలు. బాగా తిన్నదానికి తల వెనక నున్నగా, పొంగుగా ఉంటుంది. ఎండినదానికి అక్కడ గుంట పడుతుంది, భుజం ఎముక అంచు కనిపిస్తుంది.

కంటి చూపుతో వచ్చిన చిక్కేమిటంటే నా 'ఫర్వాలేదు' మీకు 'పాపం' అనిపించవచ్చు. పైగా బాగుంది, మధ్యరకం, బాగోలేదు అని మూడే గళ్ళు ఉంటే జూన్‌కీ సెప్టెంబరుకీ మధ్య వచ్చిన మార్పు ఆ గళ్ళలోనే కలిసిపోతుంది. అందుకని పైనుంచి కొలవడం మొదలుపెట్టారు. ఇది డ్రోన్లతో పుట్టిన విద్య కాదు. వేన్ పెరీమన్, మార్గన్ లిన్ అనే ఇద్దరు కాలిఫోర్నియా తీరం వెంట విమానంలోంచి ఇవే తిమింగలాలను ఫొటోలు తీసి కొలిచి 2002లో ప్రచురించారు. దక్షిణానికి వెళ్ళేటప్పుడు ఉన్న వెడల్పు ఉత్తరానికి తిరిగొచ్చేటప్పటికి తగ్గిపోతోందని అందులో తేలింది. ఎందుకు తగ్గదు? ఎండాకాలమంతా ఆర్కిటిక్ వైపు తిని, చలికాలం మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మడుగుల దాకా ఈదుకెళ్ళి, అక్కడ ఈని, పాలిచ్చి మళ్ళీ వెనక్కి వస్తాయి. ఆ నెలలన్నీ దాదాపు ఉపవాసమే. ఒంట్లో కొవ్వే వాటి గాదె.

న్యూపోర్ట్ దగ్గర కనిపించేవి ఆర్కిటిక్ దాకా పోవు. ఉత్తర కాలిఫోర్నియా నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా ఉన్న తీరంలోనే వేసవి గడిపేస్తాయి. ఈ గుంపు మొత్తం సుమారు రెండు వందలే. ఒడ్డుకి దగ్గర్లో, సముద్రపు నాచు అడవుల అంచున, గోరంత రొయ్యల్లాంటి వాటిని జుర్రుకుంటాయి. మాకు సౌకర్యం కూడా అదే. ఏడాదేడాది అవే వస్తాయి, ఒంటి మీది తెల్లమచ్చలూ గాట్లూ చూసి ఏది ఏదో గుర్తుపట్టవచ్చు.

పని ఎలా ఉంటుందంటే, తెల్లవారకముందే రబ్బరు అంచుల చిన్న పడవలో బయలుదేరతాం. తిమింగలం కనిపించాక ఒకరు హెల్మెట్, చేతితొడుగులు వేసుకుని డ్రోన్‌ని తలపైకి ఎత్తి పట్టుకుంటారు. పడవ ఊగుతుంటుంది కాబట్టి డ్రోన్‌ని నేల మీంచి లేపినట్టు లేపడం కుదరదు. దిగేటప్పుడూ చేత్తోనే పట్టుకోవాలి. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు ఆ రెక్కల గాలికి ఉప్పు తుంపర కళ్ళద్దాల మీద పడి ఏమీ కనిపించలేదు, కళ్ళు మూసుకునే పట్టుకున్నాను. బ్యాటరీ ఇరవై నిమిషాలు కూడా రాదు. తిమింగలం మూడు నాలుగుసార్లు ఊపిరి వదిలి మునిగిందంటే నాలుగైదు నిమిషాలు పైకి రాదు. గాలి మనవైపుంటే ఆ ఊపిరి కుళ్ళిన చేపల గంప తెరిచినట్టు ఉంటుంది. ఇదంతా ప్రభుత్వ అనుమతితో చేసే పని. అమెరికాలో మామూలు జనం పెద్ద తిమింగలాలకు 100 గజాల దూరంలో ఉండాలని చెబుతారు. మన దేశంలోనూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో తిమింగలాలున్నాయి, కాబట్టి విశాఖలో డ్రోన్ ఉంది కదా అని ప్రయత్నించకండి.

లెక్క మాత్రం హైస్కూలుదే. కెమెరా ఎంత ఎత్తులో ఉంది, లెన్సు ఫోకల్ లెంగ్త్ ఎంత, సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ఎంత అన్న మూడూ తెలిస్తే నీటి మీద ఒక్కో పిక్సెల్ ఎంతో వచ్చేస్తుంది. 30 మీటర్ల ఎత్తు, 25 మిల్లీమీటర్ల లెన్సు, 3.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పిక్సెల్ అనుకోండి. పిక్సెల్‌కి దాదాపు 4 మిల్లీమీటర్లు. ముట్టె కొస నుంచి తోక రెక్కల మధ్య చీలిక దాకా 2,900 పిక్సెళ్ళు వచ్చాయంటే జంతువు పదకొండున్నర మీటర్లన్నమాట.

ఇందులో ప్రాణమంతా ఎత్తులో ఉంది. డ్రోన్‌లో వచ్చే గాలిపీడనపు మీటరుని నమ్ముకుంటే మునిగినట్టే. అది ఒకటిన్నర మీటరు అటూ ఇటూ అయితే పొడవులో 5 శాతం తప్పు, అంటే అర మీటరు పైమాటే. అందుకే కిందికి లేజర్ కొట్టి ఎత్తు కొలిచే పరికరం విడిగా బిగిస్తారు. రోజూ ఒక మీటరు పలకని నీళ్ళలో తేలేసి, దాన్ని కూడా ఫొటో తీసి, మన లెక్కకి అది నిజంగా మీటరే వస్తోందా అని చూస్తారు.

కొలవడం ఇలా. ఫొటోలో తిమింగలం వెన్ను వెంట గీత గీస్తాం. ప్రతి 5 శాతం దగ్గరా అడ్డంగా వెడల్పు తీస్తాం. మార్ఫోమెట్రిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గీతలు అదే వేస్తుంది, అంచులు మాత్రం మనం నొక్కాలి. తల, తోక భాగాలు వదిలేసి సుమారు 20 నుంచి 70 శాతం దాకా పైనుంచి కనిపించే వైశాల్యం లెక్కగట్టి, దాన్ని పొడవు వర్గంతో భాగిస్తాం. మనుషుల బీఎంఐకి చుట్టం అనుకోండి. కాకపోతే ఇక్కడ బరువు బదులు వైశాల్యం. దీన్ని బాడీ ఏరియా ఇండెక్స్ అంటారు. నేను 'సూచిక' అంటాను.

ఈ సూచికలో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. రెండో ఏడు ఒకరోజు లేజర్ అద్దం మీద ఉప్పు పేరుకుని ఎత్తులన్నీ పిచ్చిపిచ్చిగా వచ్చాయి. సాయంత్రం చూసుకుని తలలు పట్టుకున్నాం. తీరా చూస్తే పైనా వైశాల్యమే, కిందా పొడవు వర్గమే. ఎత్తులో తప్పు రెండింట్లోనూ ఒకే పాళ్ళలో ఉంటుంది కాబట్టి భాగించగానే కొట్టుకుపోతుంది. ఆ రోజు పొడవులు మాత్రం పారేశాం, సూచిక నిలిచింది.

ఇక నా ఘనకార్యం. చేరిన కొత్తలో మూడు వారాలు కూర్చుని నూటనలభై ఫొటోలు కొలిచాను. వాటిలో ఒక తిమింగలం వారం తిరక్కుండా అమాంతం లావైపోయింది. చూడితో ఉందేమో అని గొప్పగా రిపోర్టు రాశాను. మా బృందంలో సీనియర్ ఆవిడ ఫొటో తెరిచి, ఏమీ అనకుండా తోక మీద వేలు పెట్టింది. ఆ తోక నీలంగా, మసగ్గా ఉంది. అంటే అది మునగబోతూ నడుం వంచింది, తోక లోతుకి వెళ్ళిపోయింది. పైనుంచి చూస్తే పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది, పొడవు తగ్గితే సూచిక పెరుగుతుంది. తిన్నది లేదు, బలిసింది లేదు. నూటనలభైలో అరవైకి పైగా అలాంటివే తేలాయి. కొన్నిట్లో పక్కకి ఒరిగింది, కొన్నిట్లో ఎండ తళుకుకి ఒక అంచు కనిపించలేదు. మొత్తం మళ్ళీ మొదటి నుంచి కొలిచాను.

అందుకే మీ అనుమానానికి నా జవాబు: ఏదో ఒక ఫొటో చూసి చెబితే నమ్మకండి. వీడియోలోంచి తిమింగలం ఎటూ వంగకుండా తిన్నగా, బోర్లా, నీటి పైమట్టానికి సమంగా ఉన్న క్షణాలు ఏరి, ఒకే రోజు ఒకే తిమింగలానికి అలాంటివి కొన్ని కొలిచి, ఎంత అటూఇటూ ఉందో కూడా చెబితే నమ్మవచ్చు. డ్రోన్ ఎగరేయడం పదిహేను రోజుల్లో వస్తుంది. ఏ ఫొటో పారేయాలో తెలియడానికి నాకు ఒక సీజను పట్టింది.

ఇంకో మెలిక. సన్నగా ఉంటే జబ్బనీ ఆకలనీ వెంటనే అనేయకూడదు. పాలిచ్చే తల్లులు అందరికంటే సన్నగా ఉంటాయి. జూన్‌లో ఎవరైనా సన్నమే, సెప్టెంబరుకి నిండుతారు. కాబట్టి పోల్చాల్సింది ఆ తిమింగలాన్ని దాని నిరుడితో, తల్లిని తల్లులతో. అలా పోల్చినప్పుడే అసలు కబురు బయటపడుతుంది. 2018 చివరి నుంచి 2023 నవంబరు దాకా ఉత్తర అమెరికా పడమటి తీరాన 690 గ్రే తిమింగలాలు చచ్చి కొట్టుకొచ్చాయి, పరీక్షించినవాటిలో చాలా బక్కచిక్కినవే. ఒరెగాన్ గుంపులోనైతే కొత్త తరం పొట్టిగానే ఉండిపోతోందని 2024లో ప్రచురించారు. 2020లో పుట్టినవి, 2000కి ముందు పుట్టినవాటికంటే సుమారు 1.65 మీటర్లు తక్కువ పొడవుతో ఆగిపోతాయని అంచనా.

వేరే పద్ధతులూ ఉన్నాయి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో మైఖేల్ మూర్ బృందం పొడవాటి గడ కొసన అల్ట్రాసౌండ్ పరికరం కట్టి, రైట్ వేల్ అనే ఇంకో జాతి తిమింగలం వీపుకి ఆనించి చర్మం కింది కొవ్వు మందం కొలిచింది. 2001లో అచ్చయింది. వినడానికి బాగుంటుంది గానీ ఊగే పడవ మీంచి చేయడమంటే నేను దండం పెడతాను. ఇంకోటి తెలివైనది: వీపుకి అంటించిన చిన్న పరికరంతో, తోక ఆడించకుండా జారుతున్నప్పుడు వేగం ఎలా మారుతోందో చూస్తారు. కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి బలిసినది పైకి సునాయాసంగా తేలుతుంది, దాన్నుంచి ఒంటి సాంద్రత లెక్కగడతారు. మేం వీటి జోలికి పోలేదు. తిమింగలం వదిలిన మలాన్ని మాత్రం వలతో ఎత్తి సీసాల్లో పట్టేవాళ్ళం, హార్మోన్ల పరీక్షకి. ఎర్రటి గోధుమరంగు నీళ్ళ కోసం పడవలో అందరం ఎగబడేవాళ్ళం. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు.

కుడి భుజం మీద తెల్లటి గాటున్న ఆడది ఒకటి ఉండేది. మొదటి వేసవి పిల్లతో వచ్చింది. ఊపిరి రంధ్రాల వెనక గుంట, నడుం దగ్గర పక్కలు లోపలికి. ఆ సెప్టెంబరుకి మిగతావన్నీ నిండినా దీని సూచిక పెద్దగా కదల్లేదు. మరుసటి ఏడు ఒంటరిగా వచ్చింది. సెప్టెంబరుకి నడుం దగ్గర వెడల్పు అంతకుముందెన్నడూ లేనంత. ఈసారి తోక కూడా పైనే ఉందని నాలుగుసార్లు చూసుకున్నాను. మలం నమూనాలో ప్రొజెస్టరాన్, అంటే చూడితో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్, కూడా ఎక్కువగానే తేలింది.

రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి వీడియో కాల్‌లో తాతయ్యకి చూపించాను. ఏ ఏడుదేదో చెప్పలేదు. ఫోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "ఇది ఈనింది, అది చూడిది" అన్నాడు. తర్వాత "ఎన్నో నెల?" అని అడిగాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, తొమ్మిదో పదో అన్నాను.