పాత బజారు కొట్టు మిద్దె ఎందుకు కారుతుంది?

కోస్తా పట్టణాల్లో కింద కొట్టు, పైన కాపురం ఉండే పాత భవనాల్లో చాలావాటివి మద్రాసు మిద్దెలే. టేకు దూలాల మీద వాసాలు, వాటిపై ఐమూలగా నిలబెట్టి పేర్చిన పలచటి ఇటుకలు, ఆపైన 3–4 అంగుళాల ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు, చివర బిళ్లలు. కారగానే పైన సిమెంటు పోస్తారు, అసలు చేటు అదే. కర్ర కదిలితే సిమెంటు బీటలిస్తుంది, దిగిన తడి ఆరదు, గోడలో దూరిన దూలం కొసలు పుచ్చుతాయి. ముందు తూములు శుభ్రం చేసి, పగుళ్లను సున్నంతోనే పూడ్చాలి.

కిరాణా కొట్టు సెల్‌ఫోన్ల షాపయ్యాక పలకల తలుపులు తీసి షట్టరు పెట్టడం మామూలే. చోటు చాల్లేదని మధ్యగోడ కొట్టేస్తేనే ప్రమాదం, చాలాచోట్ల దూలాలు ఆనేది దానిమీదే. ఊతాలు పెట్టి, ఇనుప గర్డరు ఎక్కించాకే గోడ తీయాలి.