తెల్లమద్ది బెరడు పరీక్షలకు ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

తెల్లమద్ది (అర్జున చెట్టు) బెరడు మీద ప్రాజెక్టు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. శాంపిల్ జీసీ-ఎంఎస్‌కి (ఆవిరయ్యే పదార్థాలను విడదీసి గుర్తించే పరికరానికి) ఎప్పుడు పంపాలని అడిగావు. తల్లీ, ముందు ఆ బెరడు తెల్లమద్దిదేనని తేల్చుకో. పొడి చేశాక తెల్లమద్దినీ నల్లమద్దినీ కంటితో విడదీయలేం. అందుకే కొట్లో పొడి కొనకు. చెట్టు దగ్గరికి వెళ్ళి, ఆకులూ రెక్కల కాయలూ ఉన్న కొమ్మ తెచ్చి, వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళకు చూపించి, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) పెట్టించి నంబరు తీసుకో. బెరడు మాను చుట్టూ వలవకు, చెట్టు చచ్చిపోతుంది. ఒక పక్కన నిలువుగా చిన్న పట్టీ చాలు. నీడన ఆరబెట్టు.

సాల్వెంట్ (బెరడులోని పదార్థాలను కరిగించి తీసే ద్రవం) ఏదైతే దానికి తగ్గవే బయటికొస్తాయి. పెట్రోలియం ఈథర్‌లోకి కొవ్వులు, ఇథైల్ అసిటేట్‌లోకి అర్జునోలిక్ ఆమ్లం లాంటి ట్రైటెర్పీన్లు, మెథనాల్‌లోకి గ్లైకోసైడ్లు (చక్కెర అతుక్కున్న పదార్థాలు), టానిన్లు (వగరు పదార్థాలు) ఎక్కువగా దిగుతాయి. కానీ వైద్యులు వాడింది నీళ్ళ కషాయం, పాలలో కాచిన క్షీరపాకం. సంప్రదాయ ఔషధమని థీసిస్‌లో రాసేటప్పుడు నీటి సారం లేకపోతే ఎలా? టానిన్లు చూడాలంటే సాక్స్‌లెట్‌లో (వేడి సాల్వెంట్‌ను మళ్ళీ మళ్ళీ పోనిచ్చి సారం తీసే గాజు పరికరంలో) గంటలకొద్దీ మరిగించకు. ఎల్లాజిటానిన్లు అనే రకం టానిన్లు విరిగి ఎల్లాజిక్ ఆమ్లం లెక్క పెరిగిపోతుంది.

టానిన్లకు ఫెరిక్ క్లోరైడ్ కలిపితే వచ్చే రంగు, సపోనిన్లకు (నురగనిచ్చే పదార్థాలకు) కుదిపితే లేచే నురుగు దారి చూపడానికే పనికొస్తాయి. మొత్తం ఫినాల్ పదార్థాలను 765 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచే ఫోలిన్ పరీక్షలో కూడా చక్కెరలు, విటమిన్ సి లాంటివి కలిసి రీడింగ్ పెంచుతాయి. ఆ అంకెను టానిన్ల మొత్తంగా రాయకు.

ఇక జీసీ-ఎంఎస్. అది ఆవిరయ్యేవాటినే చూస్తుంది. అర్జునెటిన్ లాంటి గ్లైకోసైడ్లు, టానిన్లు అందులో కనిపించవు, ట్రైటెర్పీన్ ఆమ్లాలకైతే ముందు సిలైలేషన్ (తేలిగ్గా ఆవిరయ్యేలా రసాయనికంగా మార్చడం) చేయాలి. అవేమీ చేయకుండా పంపితే వచ్చే జాబితాలో కొవ్వు ఆమ్లాలు, ప్లాస్టిక్ ట్యూబుల నుంచి దిగిన థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) ఉంటాయి. వాటిని మొక్కలోని మందుగుణాలని రాసేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. పరికరంలోని లైబ్రరీలో (తెలిసిన పదార్థాల పట్టికలో) పేరు కలిసినంత మాత్రాన పదార్థం దొరికినట్టు కాదు. స్టాండర్డ్ (ఆ పదార్థపు శుద్ధ నమూనా) కొని పక్కనే నడుపు.

అర్జునోలిక్ ఆమ్లం యూవీలో (అతినీలలోహిత కాంతిలో) సరిగా కనపడదు, 210 నానోమీటర్ల చుట్టుపక్కలే కాస్త తెలుస్తుంది. టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలను మచ్చలుగా విడదీసే పలుచని పూత పలక) మీద అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడిచేస్తే మచ్చ తేలుతుంది. వీలుంటే ఎల్‌సీ-ఎంఎస్ (ఆవిరి చేయకుండా ద్రవంలోనే విడదీసి గుర్తించే పరీక్ష) చేయించు. ఏ పరికరంలోనైనా బెరడు వేయని ఖాళీ సాల్వెంట్‌ను కూడా అదే పద్ధతిలో నడిపి ఆ గ్రాఫ్ దాచిపెట్టు. గైడ్ మొదట అడగాల్సింది అదే.

నీ మామయ్య