‘మీ ఆయన సంపాదిస్తున్నాడుగా’ అంటే చెల్లదు

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. రైతులు తెచ్చే మిర్చి టిక్కీలకు (బస్తాలకు) బాండ్లు, అంటే నిల్వ రసీదులు రాయడం, అద్దె లెక్కలు, బ్యాంకు పనులు, జీఎస్టీ అన్నీ నావే. రెండున్నరేళ్ల క్రితం ఒక అబ్బాయిని తీసుకున్నారు. పని నేర్పింది నేనే. ఇప్పుడు ఇద్దరం చేసేది ఒకటే. నాకు 17,000, అతనికి 22,500. జీతాల షీటు నేనే తయారు చేస్తాను కాబట్టి ప్రతి నెలా ఆ అంకెలు నా చేత్తోనే కొట్టాలి. అడిగితే మా యజమాని ‘అతనికి పెళ్లాం పిల్లలున్నారు, మీ ఆయన సంపాదిస్తున్నాడుగా’ అన్నారు. గట్టిగా అడిగితే అతని జీతం తగ్గిస్తారేమో, నన్నే తీసేస్తారేమో అని టెన్షన్. దీనికి చట్టం ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ఉందమ్మా. ఈనాటిది కూడా కాదు. 1975లో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో సమాన వేతన చట్టం అయింది. నేను కార్మిక శాఖలో చేరేనాటికే అది మా బల్లల మీద ఉంది. ఇప్పుడది 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది.

ఒకే పని, లేదా ఒకే తరహా పని చేసేవాళ్ల మధ్య ఆడ, మగ అని జీతంలో తేడా చూపకూడదు అన్నది అందులోని మాట. ఒకే తరహా పని అవునా కాదా అని తేల్చడానికి ఆ పనికి కావలసిన నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత చూస్తారు. ఎవరికి పెళ్లయింది, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నారు అన్నది ఎక్కడా లేదు. మీ యజమాని ఆ మాట నలుగురిలో అని ఉంటే, ఏ రోజు, ఎవరి ముందు అన్నారో ఈ రాత్రే రాసిపెట్టుకోండి. తేడా ఎందుకు చూపిస్తున్నారో ఆయన నోటితో ఆయనే చెప్పారు.

పనికి పెట్టే పేరును బట్టి మోసపోకండి. సర్వీసులో ఉండగా ఒకసారి పొగాకు గోదాముకు తనిఖీకి వెళ్లాను. రిజిస్టరులో కొందరు మగవాళ్లు ‘గ్రేడర్లు’, వాళ్ల పక్కనే కూర్చుని అదే ఆకు ఏరుతున్న ఆడవాళ్లు ‘హెల్పర్లు’. ఒక ఆకు తీసి ఇది ఏ గ్రేడని అడిగితే, ముందుగా చెప్పింది హెల్పరని రాసిన ఆమే. ఆమె ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. బొంబాయిలో మెకినాన్ మెకంజీ అనే షిప్పింగ్ కంపెనీ కూడా ఇలాగే లేడీ స్టెనోగ్రాఫర్లను వేరుగా చూపించి, మగ స్టెనోల కన్నా తక్కువ ఇచ్చింది. ఆడ్రీ డికోస్టా అనే స్టెనో కేసు వేశారు. 1987లో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. కంపెనీ ఆర్థిక పరిస్థితి బాగాలేదన్నా ఈ చట్టం నుంచి మినహాయింపు దొరకదని ఆ తీర్పులో ఉంది. ‘ఈ ఏడాది మిర్చికి రేటు లేదమ్మా’ అని మీకు చెబితే ఇది గుర్తు పెట్టుకోండి.

ఇక మీ భయాల సంగతి. సమానం చేయడానికని అతని జీతం తగ్గించడానికి వీల్లేదు, పెంచాల్సింది మీది. 1976 చట్టంలోనూ ఇదే ఉంది. ఈ సంగతి ఆ అబ్బాయికి కూడా చెప్పండి. అతను మీకు శత్రువు కాదు, రేపు సాక్షి కావచ్చు.

మీ కేసు ఎక్కడ నలుగుతుందో కూడా చెప్పాలి. ‘సీజన్లో అతను రాత్రి దాకా ఉండి లోడింగ్ చూసుకుంటాడు, ఈమె ఆరింటికి వెళ్లిపోతుంది’ అంటారు. అది నిజమైతే, ఆ అదనపు గంటలకు వేరుగా డబ్బు ఇవ్వడం సబబే. కానీ సీజన్ నాలుగు నెలలైతే తేడా పన్నెండు నెలలూ ఎందుకు? పైగా ఫిబ్రవరి, మార్చిలో మీరూ రాత్రి దాకా బాండ్లు రాసే ఉంటారు. ఏ రోజు ఎన్నింటికి వెళ్లారో, ఎవరు ఏ పని చేశారో ఒక చిన్న డైరీలో రాయడం మొదలుపెట్టండి.

జీతాల షీటు మీ చేతిలోనే ఉంది కదా అని ఫొటో తీసి బయటికి తేకండి. దొంగతనం చేశారని అసలు సంగతి పక్కదారి పట్టిస్తారు. ఆ అవసరం కూడా లేదు. రిజిస్టరు ఉంచడం యజమాని బాధ్యత, కాబట్టి కార్మిక శాఖ అధికారి దాన్ని తెప్పించుకుంటారు. మీ జీతం స్లిప్పు మాత్రం అడగండి, అది ఇచ్చి తీరాలి. ఏ రకం పనికి ఎంత జీతమో, మీ ప్రాంతం ఇన్‌స్పెక్టరు పేరు, చిరునామా ఏమిటో నోటీసు బోర్డులో పెట్టడం కూడా తప్పనిసరి. మీ గోడ మీద ఉందో లేదో చూడండి.

ముందు యజమానికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. కదలకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో క్లెయిమ్ వేయండి. రావలసిన తేడాతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. గడువు మూడేళ్లు. మీరు ఊరుకునే కొద్దీ మొదటి నెలల బకాయి చేజారుతుంది.

ఉద్యోగం పోదని నేను మాట ఇవ్వలేను. ఇచ్చేవాళ్లను నమ్మకండి కూడా. అయితే క్లెయిమ్ మీరే వేయాలని లేదు, యూనియన్ వేయవచ్చు, ఇన్‌స్పెక్టరే వేయవచ్చు. కక్షతో తీసేస్తే దాని మీద వేరుగా వివాదం లేవనెత్తవచ్చు.

ఒక్క మాట. మీ షీటులో కింది వరుసల్లో తొడిమలు తీసే ఆడవాళ్లు ఉంటారు. ఆ పని మగవాళ్లు చేయరు, అందుకే వాళ్లను ఎవరితో పోల్చాలో ఈ చట్టంలో దారి దొరకదు. అది నన్ను సర్వీసంతా బాధపెట్టిన లోటు. వాళ్లకు కనీస వేతనమైనా పడుతోందా? లెక్క తెలిసినవారు మీరే, ఒకసారి చూడండి.

ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. కాపీ, రసీదు ఇంట్లో పెట్టుకోండి, ఆఫీసు బీరువాలో వద్దు.