దడ లేదని మాత్ర ఆపకండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. కంటి ఆపరేషన్‌కి ముందు తీసిన ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందని తేలింది. ఆయనకు దడ లేదు, ఆయాసం లేదు, రోజూ గంటసేపు నడుస్తారు. రక్తం గడ్డకట్టకుండా అపిక్సాబాన్ రోజుకు రెండుసార్లు వేసుకోమన్నారు. రెండు నెలలు వేసుకున్నాక బాత్రూంలో జారిపడ్డారు. మోచెయ్యి దగ్గర అరచేయంత మేర కమిలి నల్లబడింది. అది చూసి మా అన్నయ్య భయపడి ఆ మాత్ర ఆపించి, బదులుగా ఆస్పిరిన్ మొదలుపెట్టించాడు. ‘ఏ బాధా లేని మనిషికి రక్తం పలచన చేసే మందెందుకు?’ అంటున్నాడు. మూడు వారాలైంది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఒక పని చెయ్యండి. ఈ జవాబు చదవడం పూర్తయ్యాక ఆగకుండా, ఆ మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర ఆగిపోయిందని చెప్పండి. వచ్చే చెకప్ దాకా ఎదురుచూడొద్దు. అపిక్సాబాన్ ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది. అంటే ఈ మూడు వారాలుగా మీ నాన్నగారికి దాని రక్షణ లేనట్టే.

మీ అన్నయ్యది ప్రేమతో కూడిన భయమని నాకు తెలుసు. కమిలిన చెయ్యి కళ్లకు కనిపిస్తుంది, రాకుండా ఆగిన పక్షవాతం కనిపించదు. ఈ జబ్బులో నన్ను ముప్పై ఏళ్లుగా బాధపెడుతున్నది ఇదే.

గుండెలో పైన ఉండే రెండు గదులు, కర్ణికలు, మామూలుగా ఒక లయలో ముడుచుకుని రక్తాన్ని కిందికి పంపుతాయి. ఈ జబ్బులో అవి ముడుచుకోవు, అదురుతాయి. నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్ అలలు అక్కడ ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరుగుతుంటాయి. పై గదులకూ కింది గదులకూ మధ్యలో ద్వారంలా ఉన్న ఏవీ నోడ్ వాటిలో కొన్నిటినే కిందికి వదులుతుంది కాబట్టి మనిషి బతికి ఉంటాడు, నాడి మాత్రం గతి తప్పుతుంది. ఎడమ కర్ణిక పక్కన వేలెడంత సంచి ఒకటి ఉంది. కర్ణిక ముడుచుకోకపోతే ఆ మూలన రక్తం కదలకుండా నిలిచి గడ్డ కడుతుంది. కవాటాల జబ్బు లేనివాళ్లలో గడ్డలు నూటికి తొంభైకి పైగా అక్కడే తయారవుతాయి. ఆ గడ్డ ఒకరోజు ఊడి రక్తంతో పాటు మెదడుకు వెళ్తే, అదే పక్షవాతం. ఇక్కడి గడ్డలు కాస్త పెద్దవి. అందుకే ఈ పక్షవాతాలూ సాధారణంగా తీవ్రంగానే వస్తాయి, మాట, నడక పోగొట్టి మంచానికి కట్టేస్తాయి.

ఇందులో దడకు పాత్ర ఎక్కడుందో చూడండి. లేదు. దడ తెలిసినా తెలియకపోయినా ఆ సంచిలో రక్తం నిలవడం ఒకటే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పరిశోధకులు 1991లోనే లెక్కగట్టారు.

ముప్పు అందరికీ ఒకలా ఉండదు కాబట్టి మేం చాడ్స్-వాస్క్ అనే స్కోరు వేస్తాం. మీ నాన్నగారికి 65 దాటినందుకు ఒకటి, బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, మొత్తం మూడు. ఈ స్కోరున్నవాళ్లు మందు లేకుండా ఉంటే ఏడాదికి నూటికి సుమారు ముగ్గురికి పక్షవాతం వస్తుంది. సరైన మందు వాడితే అందులో మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ‘మూడే కదా’ అనిపించవచ్చు. అది ఒక్క ఏడాది లెక్క. మీ నాన్నగారు ఇంకా పదిహేనేళ్లు హాయిగా నడవాలని కదా మన కోరిక.

ఇక ఆస్పిరిన్ మాట. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, అందుకే వివరంగా చెబుతున్నాను. 2007లో బ్రిటన్‌లో బాఫ్టా అనే పరీక్ష చేశారు. 75 దాటిన 973 మందిలో కొందరికి రక్తం గడ్డకట్టకుండా ఆపే పాత మందు వార్ఫరిన్, కొందరికి ఆస్పిరిన్ ఇచ్చారు. తీవ్రమైన పక్షవాతం, గడ్డల ఉపద్రవాలు ఆస్పిరిన్ వాళ్లలో ఏడాదికి 3.8 శాతం, వార్ఫరిన్ వాళ్లలో 1.8 శాతం. మరి రక్తస్రావం? రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే. తర్వాత 2011లో అవెరోస్ పరీక్షలో మీ నాన్నగారి మందునే, అపిక్సాబాన్‌నే, ఆస్పిరిన్‌తో పోల్చారు. పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా అంత స్పష్టంగా కనిపించి పరీక్షను ముందే ఆపేశారు. కాబట్టి ఆస్పిరిన్‌కి మారి మీ నాన్నగారు రక్తస్రావాన్నేమీ తప్పించుకోలేదు, రక్షణను మాత్రం పోగొట్టుకున్నారు.

జారిపడటం గురించి 1999లో వచ్చిన ఒక లెక్క నేను తరచూ చెబుతుంటాను. పడితే తలలో రక్తస్రావమవుతుందన్న భయం వార్ఫరిన్ చేసే మేలును మించాలంటే ఆ మనిషి ఏడాదిలో దాదాపు 295 సార్లు పడాలట! అది కాగితం మీద వేసిన లెక్కే, పడినా ఫర్వాలేదని అర్థం కాదు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి, నేల తడి లేకుండా చూడండి, రాత్రి చిన్న లైటు ఉంచండి. అసలు ఎందుకు జారారో, లేచినప్పుడు బీపీ పడిపోతోందేమో కనుక్కోండి. తలకు దెబ్బ తగిలితే మాత్రం, బయటికి ఏమీ కనిపించకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలం తారులా నల్లగా వచ్చినా అంతే. చర్మం కమలడం ఈ మందుతో మామూలే. మెదడులో రక్తస్రావం వార్ఫరిన్ కన్నా అపిక్సాబాన్‌తో సగానికి పైగా తక్కువని 2011లో 18,201 మందితో చేసిన అరిస్టాటిల్ పరీక్షలో తేలింది.

ఇంకో మాట. మందు మళ్లీ మొదలుపెట్టాక భయంతో ఇంట్లోనే సగం మాత్ర వెయ్యకండి. 80 దాటడం, బరువు 60 కిలోలు లేదా అంతకన్నా తక్కువ ఉండటం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 లేదా అంతకు మించి ఉండటం, ఈ మూడింట్లో సాధారణంగా రెండుంటేనే డోసు తగ్గిస్తాం. ఏడాదికి ఒకసారైనా కిడ్నీ పరీక్ష చేయించండి.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు గుర్తొచ్చిన మనిషిని గురించి చెప్పాలి. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక దర్జీ నా దగ్గరకు వచ్చేవారు. గుండె గతి తప్పి, మందులతో మళ్లీ లయ కుదిరింది. ఈసీజీ చూసి సంతోషపడి వార్ఫరిన్ నేనే ఆపేశాను. అప్పట్లో చాలామందిమి అలాగే చేసేవాళ్లం. ఏడు నెలల తర్వాత ఆయన్ని కుడి చెయ్యి పడిపోయి, మాట పోయి స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. కత్తెర పట్టే చెయ్యి అది. 2002లో 4,060 మందితో చేసిన అఫర్మ్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. లయ సరిచేసినా, వేగాన్ని మాత్రమే అదుపు చేసినా ఆయుష్షులో తేడా లేదని అందులో తేలింది. పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది వార్ఫరిన్ ఆపేసినవాళ్లో, తగినంత అందనివాళ్లో! ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ మాత్ర ఆపే నిర్ణయాన్ని అప్పట్నుంచీ ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

ప్రశ్న: నాకు 54. బీపీ ఉంది, బరువు 96 కిలోలు. అయిదు నెలలుగా నెలకు రెండు మూడుసార్లు దడ వచ్చి కొన్ని గంటలుండి తగ్గుతోంది. డాక్టరు అబ్లేషన్ గురించి చెప్పారు. దాంతో శాశ్వతంగా నయమవుతుందా? తర్వాత మందులన్నీ మానేయొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: మీరు సరైన సమయంలోనే అడిగారు. ఇలా వచ్చిపోయే దడకు మూలం చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి వచ్చే సిరల దగ్గర ఉంటుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో హైసగేర్ బృందం చూపింది. ఆ సిరల మొదళ్ల చుట్టూ కణజాలాన్ని కాల్చో, మంచులా చల్లబరిచో విద్యుత్ దారి మూసేయడమే అబ్లేషన్. ఇప్పుడు క్షణికమైన విద్యుత్ పల్స్‌లతో చేసే కొత్త పద్ధతి కూడా ఉంది.

జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేసే వైద్యం మొదలుపెడితే మేలని 2020లో ఈస్ట్-ఏఎఫ్‌నెట్ 4 పరిశోధన తేల్చింది. 2,789 మందిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు, పక్షవాతాలు, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం వంటివి కలిపి చూస్తే అయిదో వంతు తగ్గాయి. అఫర్మ్‌లో కనబడని మేలు ఇక్కడ కనబడింది. తొందరగా మొదలుపెట్టడం, రక్తం గడ్డకట్టకుండా మందు కొనసాగించడం అందుకు కారణాలని నా నమ్మకం.

దడ తగ్గడానికి, మామూలుగా బతకడానికి అబ్లేషన్ మందులకన్నా బాగా పనిచేస్తుంది. శాశ్వతం అని మాత్రం మాట ఇవ్వలేను. కొందరికి మళ్లీ వస్తుంది, రెండోసారి చెయ్యాల్సి రావచ్చు. చేసిన మొదటి రెండు మూడు నెలల్లో దడ వస్తే కంగారు పడకండి, పుండు మానే సమయమది.

మీ చేతిలో ఉన్నదొకటి చెబుతాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. బరువు. 2015లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చేసిన లెగసీ పరిశోధనలో, ఒంటి బరువులో పదో వంతు లేదా అంతకుమించి తగ్గి నిలబెట్టుకున్నవాళ్లకు దడ లేకుండా ఉండే అవకాశం తక్కినవాళ్లకన్నా ఆరు రెట్లు పెరిగింది. మీకు అది పది కిలోలు. మద్యం అలవాటుంటే మానేయండి, నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగుతుంటే పరీక్ష చేయించండి.

రక్తం మందు అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు అందరూ వాడాలి. ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది దడ ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, స్కోరును బట్టి. మీది ఇప్పుడు బీపీతో ఒకటి. మీరు, మీ డాక్టరు కూర్చుని మాట్లాడుకోవాల్సిన స్కోరది. ఆపినా, 65వ పుట్టినరోజు నాడు ఆ ప్రశ్న మళ్లీ వేసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకు చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం సన్నబడింది. వార్ఫరిన్ వాడుతూ రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు నెలనెలా తిరగలేక అలసిపోతోంది. పరీక్ష అక్కర్లేని కొత్త మందుకు మారొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆవిడ అలసట నాకు అర్థమైంది, కానీ మారొద్దు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం బాగా సన్నబడినవాళ్లకు వార్ఫరిన్ రకం మందే దిక్కు. కొత్త మందు తీసిపోదని రుజువు చేద్దామని మొదలుపెట్టిన ఇన్విక్టస్ పరీక్షలో, 2022లో, దాదాపు 4,500 మంది మీద అందుకు విరుద్ధంగా తేలింది. వార్ఫరిన్ వంటి మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ. ఐఎన్ఆర్ రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. నొప్పి మాత్రలు, యాంటీబయోటిక్స్ మాత్రం అడగకుండా వేసుకోవద్దు. ఇంట్లోనే వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూసే చిన్న యంత్రం గురించి డాక్టరును అడగండి.

ప్రశ్న: నా స్మార్ట్ వాచీ రెండుసార్లు ‘నాడి క్రమం తప్పింది’ అని హెచ్చరించింది. నాకు 63. నమ్మాలా? – ఒక పాఠకుడు

జవాబు: దాన్నే రోగనిర్ధారణ అనుకోవద్దు, తీసిపారేయనూ వద్దు. డాక్టరు చూసే ఈసీజీలో కనబడితేనే జబ్బు ఉన్నట్టు. ఒక ఈసీజీ మామూలుగా ఉంటే సరిపోదు, కొన్ని రోజులు ఒంటికి అంటించి ఉంచే రికార్డర్ అడగండి. ఈలోగా బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించొద్దు, గతి తప్పిన నాడి అలా దొరకదు. తేదీ, సమయం, లెక్క, అప్పుడు ఎలా అనిపించిందో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.