బోర్డింగు చరిత్ర రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ లూథరన్ బాలికల బోర్డింగు చరిత్ర వ్రాతప్రతి అందింది, చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే చివరి భాగంలో ఒకచోట “మా అమ్మమ్మ బియ్యం మూటతో పడవెక్కి ఈ బోర్డింగుకు వచ్చింది” అని ఒక్క వాక్యం రాసి, మరుసటి వాక్యంలోనే కొత్త భవనం ప్రారంభోత్సవానికి వెళ్ళిపోయావు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ వాక్యమే. ఆమె ఏ ఊరి రేవులో పడవెక్కింది, ఏ లాకుల దగ్గర రాత్రి ఆగింది, ఆ మూటలో ఎన్ని కుంచాల బియ్యం ఉన్నాయి, అవి అయిపోతే ఏం చేసింది? ఇవేవీ అడగకుండా “అజ్ఞానాంధకారంలో మగ్గుతున్న బాలికలకు జ్ఞానజ్యోతి” అన్న మాటను పదే పదే వాడావు. ప్రతి జూబిలీ సంచికలోనూ ఉండే ఆ మాటలో ఒక్క పిల్ల ముఖమైనా కనపడదు.

బోర్డింగు బడి చరిత్రను అడ్మిషన్ రిజిస్టరుతోనూ వంటగది లెక్కల పుస్తకంతోనూ మొదలుపెట్టాలన్నది నా పట్టుదల. 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ మన తీరానికి వచ్చి ఆ తరువాత నర్సాపురంలో స్థిరపడిన సంగతి, 1845లో ఉత్తర జర్మనీ మిషన్ తరఫున వాలెట్ రాజమండ్రిలో పని ప్రారంభించిన సంగతి, 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్లారిన్ కాకినాడ చేరిన సంగతి వరుసగా రాశావు, అవి ఉండవలసినవే. కానీ 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందన్న ముక్కను మాత్రం దారిలో వదిలేశావు. ఆ ఆనకట్ట కాలువలూ వాటిలో పడవలూ లేకపోతే లంకల్లోనూ పేటల్లోనూ ఉండే తల్లిదండ్రులు ఆడపిల్లను అంత దూరం ఎలా పంపగలిగేవారు? అదే 1874లో వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. ఇంటి నుంచి నడిచి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరగల పిల్లలకు అది అందింది. ఊరి బడి అరుగు మీదికి కూడా రానివ్వని మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు మాత్రం చదువు కావాలంటే ఇల్లు విడిచి పోవడమొక్కటే దారి. ఈ రెండు బడులనూ పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాయి.

ఇక రిజిస్టరును గడి గడికీ చదువు. బడి మానిన కారణం రాసే గడిలో “పెళ్ళి” అన్న మాట ఎన్ని పేర్ల ఎదుట ఉందో, అప్పటికి ఆ పిల్లల వయస్సు ఎంతో చూడు. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి ఆడపిల్ల పెళ్ళికి కనీస వయస్సు 14 ఏళ్ళుగా నిర్ణయించింది. దానికి ముందు పదేళ్ళు, తరువాత పదేళ్ళు పోల్చి చూస్తే ఆ చట్టం మీ పల్లెల దాకా వచ్చిందో లేదో తెలుస్తుంది. కులం, మతం గడిని దాటవేయకు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డ్ కులాల జాబితా బయట ఉండిపోయారు. మన రాష్ట్రంలో 1970లో వారిని వెనుకబడిన తరగతుల సి వర్గంలో చేర్చారు. ఆ మధ్యకాలంలో చేరిన పిల్లల తిండి ఖర్చు ఎవరు భరించారో లెక్కల పుస్తకంలో వెతుకు. లేసు అల్లిక నేర్పారని ఒక ముక్కతో సరిపెట్టావు. పిల్లలు అల్లిన లేసు ఎంతకు అమ్ముడుపోయింది, ఆ సొమ్ము ఏ పద్దులో జమ అయింది?

నా తొలినాళ్ళలో, వేసవి సెలవుల్లో ఒక బోర్డింగు ఆఫీసుకు వెళ్ళి, గుమాస్తాగారు భోజనం చేసి వచ్చేలోగా రిజిస్టరులోని పేర్లను నోటుపుస్తకంలోకి ఎక్కించుకొనేదాన్ని. వాటితో ఒక వ్యాసం రాసి పంపితే, ఆ వారపత్రిక సంపాదకుడు “ఈ పేర్ల జాబితా ఎవరు చదువుతారండీ?” అని మొత్తం కొట్టివేసి, ఆ చోట దొరగారి బంగళా ఫోటో వేశారు. ఆ పేర్లలో ముగ్గురు అప్పటికి పంచాయతీ బడుల్లో పంతులమ్మలు. వ్యాసం వస్తుందని ఎదురుచూశారు. వారికి ఏం చెప్పాలో తోచక ఆ సంవత్సరం క్రిస్మస్‌కు కూడా ఆ వీధికి పోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. నేటి రచయితల్లోనూ మిషనరీలను దేవతలుగా కీర్తించేవారు కొందరు, కుట్రదారులుగా నిందించేవారు మరికొందరు. ఇరువురికీ ఆ పిల్లల పేర్లు అక్కరలేదు. నీవు ఆ రెండు గుంపుల్లోనూ చేరవద్దు.

అచ్చు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ బోర్డింగులో చదివిన పెద్దవాళ్ళు ఎవరెక్కడ ఉన్నారో మీ సంఘం పాస్టరుగారిని అడిగి, ఓపిక ఉన్నవారి దగ్గరికి వెళ్ళి కూర్చో. రిజిస్టరులో వారి గురించి ఏం రాసి ఉందో వారికి చదివి వినిపించు. తప్పని వారంటే వారి మాటను కూడా పక్కన రాసుకో. జీవించి ఉన్నవారి పేరుతో కులం గానీ, మానిన కారణం గానీ వారి అనుమతి లేకుండా వేయవద్దు. వద్దంటే పేరు తీసివేసి ఊరు, సంవత్సరం మాత్రం ఉంచు.

శుభాకాంక్షలతో.