ప్రేయర్‌ల "ఈ రోజు ప్రత్యేకత" చెప్పబోయే బిడ్డకు

బిడ్డా,

కొత్త స్కూల్ల ప్రేయర్ టైంల "ఈ రోజు ప్రత్యేకత" చెప్పే డ్యూటీ నీకిచ్చిన్రని మీ అమ్మ ఫోన్ల చెప్పింది, మస్తు సంతోషమైంది. రెండు నిమిషాల పని, ఫోన్ చూసి చదివితే అయిపాయె అనుకుంటరు చాలామంది. కానీ సోషల్ చెప్పేటోళ్లకు ఇంతకన్న మంచి మోక దొరకది, స్కూల్ మొత్తం ఒక్క దగ్గర నిలబడి నీ మాట వినేది ఆ ఒక్క టైంలనే గదా.

ముందుగాల, లిస్టు మొత్తం చదవకు. సెప్టెంబర్ 9నే తీస్కో, ఫోన్ల కొడితే 1850ల కాలిఫోర్నియా అమెరికాల రాష్ట్రమైంది, 1948ల ఉత్తర కొరియా ఏర్పడ్డది, 1976ల మావో చనిపోయిండు, 1991ల తజికిస్తాన్‌కు స్వాతంత్ర్యం అని బారెడు వస్తది, ఇవన్ని గబగబ చదివితే ఎండల నిలబడ్డ ఆరో తరగతి పిల్లగానికి ఒక్కటి గూడ యాదికుండది. ఒక్క ముచ్చట పట్టుకో, దాన్నే నిమ్మలంగ పూర్తిగ చెప్పు.

ఆ రోజుకు మనకు ఇంటి మనిషే ఉన్నడు, కవి కాళోజీ, 1914ల పుట్టిండు, అందుకే తెలంగాణ భాషా దినోత్సవం ఆ రోజు చేస్తరు. పుట్టింది బీజాపూర్ జిల్లా రట్టిహళ్లిలనే గానీ పెరిగింది మన మడికొండల, నువ్వు మడికొండకెల్లే మొదలువెట్టు, కాజీపేట దాటి పోయేటప్పుడు బస్సుల కెల్లి చూసిన ఊరు అనంగనే పిల్లలు తలకాయ లేపుతరు. 1992ల పద్మవిభూషణ్ వచ్చిందని ఒక్క మాట చాలు, కానీ 2002 నవంబర్‌ల ఆయన పోయినంక శరీరాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చిన్రు చూడు, అది మాత్రం తప్పక చెప్పు. కవి అంటే పుస్తకంల ఫోటో అనుకునే పిల్లలకు, డాక్టర్ చదివేటోళ్లకు తన ఒళ్లే పాఠమైన మనిషి అంటే జన్మల మర్చిపోరు.

ఇంక తారీఖుల సంగతి, ఇక్కడ జర పైలం. రుద్రమదేవి 1289 నవంబర్ 27 నాడు చనిపోయిందని ఏటా వాట్సాప్‌ల తిరుగుతది. అది నల్గొండ దిక్కు చందుపట్ల శాసనం వేయించిన తారీఖు బిడ్డా, రుద్రమ, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకం పోయిన్రని, వాళ్ల పుణ్యం కోసమని పువ్వుల ముమ్మడి అనేటాయన భూమి దానం చేసి ఆ రాయి వేయించిండు. అంటే ఆమె పోయింది అంతకుముందే. "ఈ రోజు చనిపోయింది" అనకు, "ఆమె మరణం గురించి చెప్పే శాసనం ఈ రోజుది" అను, అప్పుడు రాయి మీద రాసింది చదివి చరిత్ర ఎట్ల తెలుసుకుంటరో గూడ పిల్లలకు సమజైతది.

క్యాలెండర్లు మారిన సంగతి గూడ చూస్కోవాలె. రష్యా రచయిత టాల్‌స్టాయ్ పుట్టింది పాత రష్యా లెక్కల ఆగస్టు 28, ఇప్పటి లెక్కల 1828 సెప్టెంబర్ 9, రెండు కరెక్టే, ఏ లెక్కనో చెప్పాలె అంతే. ఇంగ్లండ్ల అయితే 1752ల సెప్టెంబర్ 2 బుధవారం పండుకొని లేస్తే 14 గురువారం, ఆ ఏడు వాళ్లకు సెప్టెంబర్ 9 అనేదే లేదు! ఇది చెప్పి చూడు, ఇంటర్వెల్‌ల గూడ అదే ముచ్చట పెట్టుకుంటరు.

సెప్టెంబర్ 17 వచ్చినప్పుడు విమోచనమా విలీనమా అని పెద్దోళ్లు కొట్లాడుకుంటరు, ఆ లొల్లి ప్రేయర్‌లకు తేకు, జరిగింది జరిగినట్టు చెప్పు. 1948 సెప్టెంబర్ 13న నిజాం ఏలే హైదరాబాద్ సంస్థానంలకు ఇండియా ఆర్మీ వచ్చింది, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించిండు, 18న ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయిండు. దానికి ఏడాది ముందు, 1947 సెప్టెంబర్ 2న, మన పరకాలల జెండా ఎగరేద్దామని పోయిన జనం మీద కాల్పులు జరిగినయి, ఎందరో పానం ఇడిసిన్రు, 17 నాడు వాళ్లను తల్వకుండ ఉండకు. పరకాల అమరధామం ఫోటో ఒకటి ప్రింట్ తీసి నోటీస్ బోర్డుకు పెట్టు.

ఒక నోట్‌బుక్ పెట్టుకొని తారీఖుకో పేజీ ఇయ్యి, కనీసం రెండు మంచి పుస్తకాలల్ల కలిసిన ముచ్చటనే అందుల రాయి. ఇంకోటి, సెప్టెంబర్ 10 చాకలి ఐలమ్మ వర్ధంతి, 1985ల పోయింది, పాలకుర్తిల తను దున్నిన భూమి, పండిచ్చిన పంట దొర చేతికి పోనియ్యకుండ నిలబడ్డ తల్లి. ఆ రోజు నువ్వు చదవకు, మీ స్కూల్ల పాలకుర్తి దిక్కు చుట్టాలున్న ఆడపిల్ల ఎవరన్న ఉంటే ఆమెకే మైక్ ఇయ్యి, ముందురోజు ఇంట్ల వాళ్ల నాయనమ్మనడిగి రమ్మను.

ఇట్లు,
మీ మామ, హన్మకొండ