చిన్న నౌకాదళాలు పెద్ద ఓడల పక్కన ఏం నేర్చుకుంటాయి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

విశాఖ తీరంలో విదేశీ నౌకలతో విన్యాసాలు జరిగాయని వార్త వస్తే చాలు, ఓరుగల్లు నుంచి ఆదిలాబాద్ దాకా ఉత్తరాలు వస్తాయి. సముద్రం చూడాలంటే ఇక్కడివాళ్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేయాలి. అయినా వచ్చిన ప్రశ్నలు ఒడ్డున ఉన్నవాళ్లు అడిగినట్టే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈ వారం జవాబులు.

శ్రీలంక, మాల్దీవులు, సీషెల్స్ లాంటి దేశాలకు ఉన్నవే కొద్దిపాటి ఓడలు. మన నేవీతో నాలుగు రోజులు కలిసి తిరిగితే వాళ్లకు ఒరిగేదేంటి?
– డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

చిన్న నౌకాదళానికి ఏడాది పొడవునా ఉండే పని యుద్ధం కాదమ్మా. ఇంజిన్ ఆగి కొట్టుకుపోతున్న చేపల పడవను వెతకడం, మత్తుమందు తెస్తున్న ఓడను ఆపడం, సరుకు ఓడలో మంటలు లేస్తే ముందుగా చేరుకోవడం. ఆ సమయానికి దగ్గర్లో ఉండేది పక్క దేశం ఓడ కావచ్చు. అంతకుముందు ఎన్నడూ కలిసి పనిచేయని రెండు ఓడలు ఆ పూటే మొదలుపెడితే, తాడు ఎవరు విసరాలో తేల్చుకునేసరికే గంట గడిచిపోతుంది.

ఉదాహరణకు స్లినెక్స్ చూడండి. భారత్, శ్రీలంక నౌకాదళాల మధ్య 2005లో మొదలైన విన్యాసం ఇది. 2024 డిసెంబరులో విశాఖలో జరిగింది. 17, 18 తేదీలు రేవులో, 19, 20 తేదీలు సముద్రంలో. మన వైపు నుంచి ఐఎన్ఎస్ సుమిత్ర, వాళ్ల వైపు నుంచి ఎస్ఎల్ఎన్ఎస్ సయుర వచ్చాయి. ఆ సయుర ఒకప్పుడు మన ఐఎన్ఎస్ సరయూనే. 2000లో శ్రీలంకకు ఇచ్చాం.

పేపర్లో రేవు రోజుల గురించి వచ్చేది వాలీబాల్ మ్యాచ్ ఫొటో ఒక్కటే. మా దృష్టిలో మాత్రం చిన్న నౌకాదళానికి అసలు లాభం ఆ రెండు రోజుల్లోనే ఉంది. బయల్దేరేముందు జరిగే సమావేశంలో ప్రతి అభ్యాసానికీ ఒక నంబరు ఇస్తారు. ఏ సమయానికి, ఏ చోట మొదలవ్వాలి, ఏ ఓడను చూసి మిగతావి నడవాలి, ఏ రేడియో ఫ్రీక్వెన్సీ, అది పనిచేయకపోతే తర్వాత ఏది, గాలి ఎంత దాటితే రద్దు చేయాలి, ఇవన్నీ అక్కడే రాసుకుంటారు. తర్వాత ఒకరి డెక్ మీదికి ఒకరు వెళ్లి టేపుతో కొలవాలి. తాడు కట్టే దిమ్మె ఎక్కడుంది, ఇంధనం గొట్టం మూతి ఏ సైజు, డెక్ ఎంత బరువున్న హెలికాప్టర్‌ను మోస్తుంది. మొహమాటపడి ఈ కొలతలు వదిలేస్తే సముద్రంలో రెండు గంటల పని మూలన పడుతుంది.

ఇంకో చిక్కు మనుషుల లెక్క. అరవై మంది సిబ్బందితో నడిచే గస్తీ ఓడ అనుకోండి. మూడు షిఫ్టులు వేస్తే డ్యూటీలో ఉండేది ఇరవై మంది. ఎదుటి ఓడను తనిఖీ చేసే అభ్యాసం పెట్టారు: ఎక్కే జట్టు 8, పడవ నడిపేవాళ్లు 3, పడవ దించేవాళ్లు 6, తుపాకీ దగ్గర 4, ఓడ నడిపే గదిలో 6, ఇంజిన్ గదిలో 5. మొత్తం 32. అంటే షిఫ్టు దిగి పడుకున్న పన్నెండు మందిని లేపాల్సిందే. పెద్ద ఓడకు ఇది పట్టదు, దానికి రెండు వందల మంది ఉంటారు. అందుకే రాత్రి రెండింటికి తనిఖీ, ఐదింటికి ఇంధనం, ఏడింటికి కాల్పులు అని రాసిన పట్టిక చిన్న ఓడను మూడో రోజుకే కుదేలు చేస్తుంది. నిద్రలేని చేతులతోనే వేళ్లు నలుగుతాయి. విన్యాసాల పట్టిక వేసేటప్పుడు అన్నింటికన్నా చిన్న ఓడ సిబ్బంది పట్టికను ముందు పెట్టుకోవాలి. ఇది మా గట్టి అభిప్రాయం.

అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు కదా. మరి భాష సమస్య అంటారేం?
– ఉపాధ్యాయుడు, జగిత్యాల

సార్, మీ తరగతిలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిపేసే పిల్లలు ఉండే ఉంటారు. గాలి హోరులో, గరగరలాడే రేడియోలో పెద్దవాళ్లకూ అదే అవుతుంది. అందుకే అంకెలు విడివిడిగా పలుకుతారు. పదిహేను అంటే 'వన్ ఫైవ్', యాభై అంటే 'ఫైవ్ జీరో'. తొమ్మిదిని 'నైనర్' అంటారు, ఫైవ్‌తో కలిసిపోకుండా. వాణిజ్య ఓడలకు అంతర్జాతీయ సముద్ర సంస్థ కట్టుదిట్టమైన వాక్యాల జాబితానే ఇచ్చింది. నౌకాదళాలు అనుకోకుండా ఎదురుపడితే వాడాల్సిన మాటలకు 2014లో చైనాలోని ఛింగ్‌దావ్‌లో పశ్చిమ పసిఫిక్ నౌకాదళాల సదస్సు ఒక నియమావళిని ఆమోదించింది. విన్న ఆదేశాన్ని విన్నట్టే తిరిగి చెప్పించుకోవాలి. 'ఓకే' అన్న జవాబును లెక్కలోకి తీసుకోకూడదు.

మాటల కన్నా ఎక్కువ ముంచేది సమయం. విశాఖ, కొలంబో గడియారాలు ఒకటే, గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. మాలే ఐదు గంటలే ముందు. మారిషస్, సీషెల్స్ నాలుగు. ఢాకా ఆరు. పట్టికలో 09:30 అని మాత్రమే రాసి, ఎక్కడి తొమ్మిదిన్నరో రాయలేదనుకోండి. మాల్దీవుల ఓడ తన గడియారం చూసుకుని బయల్దేరితే అరగంట ఆలస్యం. 12 నాట్ల వేగంతో అరగంట అంటే 6 నాటికల్ మైళ్లు, అంటే 11 కిలోమీటర్లు. అందుకే అన్ని పత్రాల్లోనూ గ్రీనిచ్ సమయమే రాసి చివర జెడ్ అక్షరం పెడతారు. మన తొమ్మిదిన్నర అందులో 0400జెడ్.

తర్వాతది స్థానం. ఒకాయన అక్షాంశాన్ని 17 డిగ్రీల 41.30 నిమిషాలు అని రాశాడు. చదివినాయన దాన్ని 41 నిమిషాల 30 సెకన్లు అనుకున్నాడు. 30 సెకన్లంటే అర నిమిషం, అంటే 41.50. తేడా 0.20 నిమిషం. ఒక నిమిషం అక్షాంశం ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. చుక్క ఒక్కదాన్ని తప్పు చదివినందుకు ఓడ 370 మీటర్లు పక్కకు జరిగింది. కాల్పుల అభ్యాసంలో ఇది చిన్న దూరం కాదు. గజాలు, మీటర్ల గొడవ కూడా ఇలాంటిదే: 500 గజాలంటే 457 మీటర్లే. 'ఎడమకు ముప్పై' అంటే ఓడ ముక్కు నుంచా, ఉత్తర దిక్కు నుంచా అన్నదీ ముందే తేల్చుకోవాలి.

హైవే మీద పెద్ద లారీ పక్క నుంచి పోతే మన బండి అటు గుంజినట్టు అవుతది. రెండు ఓడలు పక్కపక్కన నడుస్తూ డీజిల్ ఎట్ల నింపుకుంటయి?
– లారీ డ్రైవర్, కాజీపేట

మీరు చెప్పిన గుంజుడే అక్కడి అసలు ప్రమాదం అన్నా. ఓడ ముందుకు పోతుంటే ముక్కు దగ్గర నీటి ఒత్తిడి పెరుగుతుంది, నడుము దగ్గర తగ్గుతుంది. రెండు ఓడల నడుమ ఇరుకులో నీరు వేగంగా పారడంతో అక్కడ ఒత్తిడి ఇంకా పడిపోయి, ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఓడకు బ్రేకులు ఉండవని గుర్తుంచుకోండి.

ఇంధనం ఇచ్చే ఓడ దిశ, వేగం మార్చకుండా నిలకడగా నడుస్తుంది, సాధారణంగా 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్లు. తీసుకునే ఓడ వెనుక నుంచి కాస్త ఎక్కువ వేగంతో వచ్చి, పక్కకు చేరేముందు వేగం తగ్గించి, 30 నుంచి 50 మీటర్ల ఎడంలో సరిజోడుగా నిలబడుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు వేగం ఆలస్యంగా తగ్గించడం. దాటిపోయి, మళ్లీ వెనక్కి రావాలని ఇంజిన్ తగ్గిస్తే చుక్కాని పట్టు తప్పుతుంది. ఇంకో తప్పు చుక్కాని ఎక్కువ తిప్పడం. దిశను ఒక్కో డిగ్రీ చొప్పున, వేగాన్ని ఇంజిన్ రెండు మూడు చుట్లు చొప్పున మాత్రమే సర్దాలి.

తర్వాత సన్నటి దారాన్ని తుపాకీతో అవతలి డెక్ మీదికి కాలుస్తారు. కాల్చేముందు విజిల్ ఊదాలి, అవతలివాళ్లు చాటుకు వెళ్లి తిరిగి ఊదాలి. సన్న దారానికి లావు తాడు, దానికి మోకు, మోకుకు గొట్టం, ఇలా ఒకదాని వెనుక ఒకటి లాక్కుంటారు. రెండు ఓడల ముందు భాగాల మధ్య రంగు జెండాలు కట్టిన తాడు ఒకటి ఉంటుంది. ఏ జెండా ఎక్కడుందో చూసి ఎడం ఎంతో కెప్టెన్ ఒక్క చూపులో చెప్పగలడు. రాత్రయితే జెండాల స్థానంలో లైట్లు. ఆ తాడు పట్టుకున్న మనిషి దాన్ని దిమ్మెకు కట్టేయకూడదు, చేత్తోనే బిగుతుగా పట్టుకోవాలి. ఓడలు విడిపోతే వదిలేయాల్సింది అదే.

చిన్న ఓడల్లో చాలావాటికి గొట్టం అందుకునే ఏర్పాటే ఉండదు. ఉన్నా మూతి సైజు కుదరదు. అలాంటప్పుడు పక్కకు చేరడం, దారం అందుకోవడం, అత్యవసరంగా విడిపోవడం మాత్రమే చేయిస్తారు. ఒక్క చుక్క డీజిల్ మారకపోయినా ఇది వృథా కాదు. విడిపోవడాన్ని మూడుసార్లు చేయించిన అభ్యాసం ఒకసారి ఇంధనం నింపినదానికన్నా మేలు. గొట్టం విప్పే గొడ్డలి, పిన్ను ఎక్కడున్నాయో చీకట్లో కూడా చెయ్యికి తెలియాలి.

బాయిల దిగేముందు మేం గాలి చూసేటోళ్లం. పట్టుకున్న ఓడల గోదాంలకు దిగే నేవీ పిల్లలు కూడా చూస్తరా?
– సింగరేణి విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

చూడాలి. మీరు ఎత్తిన ఈ విషయాన్నే విన్యాసాల్లో చాలాచోట్ల తేలిగ్గా తీసుకుంటారు పెద్దాయనా. అభ్యాసంలో 'అనుమానాస్పద ఓడ' పాత్ర వేసేది మరో నౌకాదళం ఓడే. దాని గదుల్లో గాలి శుభ్రంగా ఉంటుంది. దాంతో జట్టు గాలిని కొలిచే మీటర్ తీయకుండానే దిగిపోతుంది, అదే అలవాటవుతుంది. నిజమైన సరుకు ఓడలో అలా కుదరదు. మూసి ఉన్న గదిలో ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది. బొగ్గు సరుకైతే మీకు చెప్పక్కర్లేదు, ఆక్సిజన్ తగ్గడంతో పాటు కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ కూడా చేరతాయి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. మీటర్‌ను తాడుకు కట్టి పైన, నడుమ, అడుగున మూడుచోట్లా చూడాలి. మీథేన్ పైకి చేరుతుంది, కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటుంది కాబట్టి మూత దగ్గర బాగుంది కదా అని దిగడానికి లేదు. 20.9 కన్నా తగ్గితే, ఎందుకు తగ్గిందో తెలిసేదాకా దిగొద్దు. పైన ఒకరు కాపలా ఉండాలి, పక్కనే శ్వాస పరికరం సిద్ధంగా ఉండాలి. లోపల ఒకరు కూలిపోతే కాపలా మనిషి చేయాల్సిన మొదటి పని కేక వేయడం. పరికరం లేకుండా వెంట దూకితే రెండో ప్రాణమూ పోతుంది. బాయిల్లో మీరు ఇది చూసే ఉంటారు.

ఎక్కేటప్పుడు ఇంకో సంగతి. పడవ అల మీద పైకి లేచినప్పుడే తాడు నిచ్చెన అందుకోవాలి. అల దిగాక అందుకుంటే తర్వాతి అలకు పడవ పైకొచ్చి కాళ్లను నలిపేస్తుంది. ఆయుధాలు ఖాళీగా ఉన్నాయని పడవ దిగకముందే రెండు దేశాల వాళ్లూ చూడాలి.

బురదలో దిగబడ్డ ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్‌తో గుంజినట్టే ఓడనూ లాగుతారా?
– రైతు, నర్సంపేట

పద్ధతి అదే. గొలుసు వదులుగా ఉన్నప్పుడు ఒక్కసారిగా ఎక్సలరేటర్ తొక్కితే కొక్కెం విరుగుతుందని మీకు తెలుసు. సముద్రంలో అల ప్రతిసారీ అలాంటి కుదుపే ఇస్తుంది. అందుకని మోకును పొడుగ్గా వదిలి, నడుమ భాగం వంగి నీళ్లలో మునిగేలా చూస్తారు. ఆ వంపే కుదుపును మింగుతుంది. బరువు కోసం లంగరు గొలుసును కూడా మోకుకు కలుపుతారు. గొలుసును 27.5 మీటర్ల ముక్కల లెక్కన వదులుతారు. మోకు నీళ్లలోంచి పైకి తేలి తీగలా బిగుసుకుందంటే వేగం ఎక్కువైందని అర్థం. నైలాన్ మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు. ఓడ అంచుకు రాసుకునే చోట గోనెపట్టా చుట్టి గంటకోసారి చూడాలి. ఎక్కువసార్లు తెగేది అక్కడే.

కాల్పులు జరిపేటప్పుడు చేపల పడవలు అటు వస్తే?
– గృహిణి, మంచిర్యాల

ఆపేస్తారు. ఆ ప్రాంతం, సమయం ముందే హెచ్చరికగా వెళ్తాయి. మన చుట్టూ ఉన్న సముద్రానికి ఈ హెచ్చరికలు ఇచ్చేది డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం. విమానాలకు వేరే హెచ్చరిక ఉంటుంది. ఓడ మీద ఎర్ర జెండా ఎగరేస్తారు. కానీ చిన్న పడవకు ఆ హెచ్చరిక చేరకపోవచ్చు. ఫైబర్, చెక్క పడవలు రాడార్‌లో సరిగా కనిపించవు. అందుకే కాల్చేముందు హెలికాప్టర్‌తోనో, చిన్న పడవతోనో ఆ చోటంతా తిరిగి కంటితో చూడాలి. అక్కడున్నవాళ్లలో ఎవరు 'ఆపు' అన్నా ఆగాల్సిందే, హోదా చూడరు.

ఇంతా చేశాక పనికొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

పరీక్ష కోసం అయితే ఇది రాసుకోండి: మిలన్ విన్యాసం 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో ఇండోనేషియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్ నౌకాదళాలతో మొదలైంది. 2022, 2024ల్లో విశాఖలో జరిగింది.

ఇక మీ ప్రశ్నకు. ఆఖరి రోజు సమీక్షలో అన్ని ఓడల జీపీఎస్ దారులను ఒకే మ్యాప్ మీద వేసి, రేడియో రికార్డుతో కలిపి చూడాలి. ఏ ఆదేశానికి ఎన్ని సెకన్లకు ఏ ఓడ కదిలిందో అక్కడ దాగదు. పెద్ద నౌకాదళం అధికారి ముందు మాట్లాడితే మిగతావాళ్లు అవునంటూ తలలూపుతారు. కాబట్టి చిన్న ఓడ నుంచి, అందులోనూ తాడు పట్టుకున్న నావికుడి నుంచి మొదలుపెట్టాలి. ప్రతి లోపానికీ ఎదురుగా ఎవరు, ఏ తేదీకి సరిచేస్తారో రాయాలి. గొట్టం మూతి కుదరలేదని రాసుకున్న ఓడకు దాన్ని కలిపే అడాప్టర్ వచ్చిందా లేదా అన్నది వచ్చే ఏడాది రేవులో టేపు పట్టినప్పుడు మొదట చూడాల్సిన సంగతి.